దేశంలో బడి చదువును నడిపేది ఎవరు? విధాన పత్రాన్ని పక్కన పెట్టి కేంద్ర నిధులకు ఆమోదం తెలిపే బోర్డు (పీఏబీ) మినిట్స్ చదవండి

ప్రశ్న అడిగినవారు ప్రభుత్వ హైస్కూలు ఉపాధ్యాయులు. "జాతీయ విద్యా విధానాన్ని ఢిల్లీలో ప్రకటిస్తారు. మా జీతాలు రాష్ట్ర ఖజానా నుంచి వస్తాయి. బడి గ్రాంటు మీద కేంద్ర పథకం పేరుంటుంది, కానీ అది విద్యా సంవత్సరం సగం గడిస్తే గాని అందదు. ఇంతకూ దేశంలో చదువును ప్రణాళిక ప్రకారం నడిపేది ఎవరు? కేంద్రం చెప్పింది రాష్ట్రం చేయనంటే ఏమవుతుంది?" అన్నది వారి ప్రశ్న.

నేను కేంద్ర విద్యా పథకాలు నడిపే రాష్ట్ర ప్రాజెక్టు కార్యాలయంలో ప్రణాళికల విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని. సమాఖ్య సూత్రాల గురించి పండితులు చాలా చెబుతారు. ఫైలు ఎటు నుంచి ఎటు కదులుతుంది, ఎక్కడ ఆగుతుంది అన్నది నాకు వాటికన్నా బాగా తెలుసు కాబట్టి ఆ వైపు నుంచే జవాబు చెబుతాను.

ముందు చట్టం సంగతి త్వరగా ముగిద్దాం. రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు విద్య రాష్ట్రాల జాబితాలో ఉండేది. 1976 నాటి 42వ సవరణతో ఉమ్మడి జాబితాకు మారింది. 2002లో 86వ సవరణ చదువును పిల్లల ప్రాథమిక హక్కుగా చేసే 21ఏ అధికరణాన్ని తెచ్చింది. దాని ఆధారంగా 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. ఆ చట్టం ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకు ఇచ్చే 25 శాతం సీట్ల గురించి అందరికీ తెలుసు. 7వ సెక్షన్‌ను మాత్రం ఎవరూ పట్టించుకోరు. నిధుల బాధ్యత కేంద్ర, రాష్ట్రాలు రెండింటిదీ అని, ఖర్చు అంచనాలు కేంద్రం తయారు చేయాలని, అందులో తాను ఎంత శాతం ఇవ్వాలో రాష్ట్రాలతో సంప్రదించి నిర్ణయించాలని అందులో ఉంది. ఎంత శాతమన్నది మాత్రం చట్టంలో రాయలేదు. పథకాల చుట్టూ నడిచే రాజకీయమంతా ఆ ఖాళీలోనే నడుస్తోంది.

జాతీయ విద్యా విధానం చట్టం కాదు. 1968, 1986, 2020 పత్రాలు మూడూ విధాన ప్రకటనలే. 2020 విధానాన్ని తమిళనాడు వంటి రాష్ట్రాల చేత అమలు చేయించాలని కోరుతూ వేసిన వ్యాజ్యాన్ని 2025 మేలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఫలానా విధానాన్ని చేపట్టమని రాష్ట్రాన్ని తాము నేరుగా ఆదేశించలేమని న్యాయమూర్తులు చెప్పారు. మరి చట్టబలం లేని పత్రం తరగతి గది దాకా ఎలా వస్తోంది? గ్రాంటుకు తగిలించిన షరతుల రూపంలో వస్తోంది. మీ ప్రశ్నకు అసలు జవాబు అక్కడే ఉంది.

కాగితం మీద సమన్వయానికి ఒక పెద్ద వేదిక ఉంది. కేంద్ర విద్యా సలహా మండలి 1920లో పుట్టి, పొదుపు పేరుతో 1923లో రద్దయి, 1935లో మళ్లీ ప్రాణం పోసుకుంది. రాష్ట్రాల విద్యా మంత్రులంతా అందులో సభ్యులు. కొత్త విధానం ముసాయిదాపై 2019 సెప్టెంబర్‌లో సమావేశమైన ఆ మండలి 2025 ఆరంభం నాటికి కూడా మళ్లీ సమావేశం కాలేదు. ఈలోగా 2020 జూలైలో విధానం ఆమోదం పొందింది, అమలు కూడా మొదలైంది. రాష్ట్రాలన్నీ ఒకేచోట కూర్చుని కేంద్రంతో మాట్లాడే చోటు లేకపోతే, ఒక్కో రాష్ట్రం తన ఫైళ్లు పట్టుకుని విడిగా ఢిల్లీ వెళ్లవలసి వస్తుంది. అలాంటి బేరంలో ఎవరిది పైచేయి అవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఒకప్పుడు ప్రణాళికా సంఘం అనే ఇంకో తలుపు ఉండేది. దాని మీద విమర్శలకు కొదవ లేదు, అందులో చాలావరకు న్యాయమైనవే. అయినా అయిదేళ్లకు విద్యకు ఇంత అని ఒక అంచనా, దాన్ని వెనకేసుకొచ్చే ఒక విభాగం అక్కడ ఉండేవి. 2015 జనవరి 1న వచ్చిన నీతి ఆయోగ్‌కు డబ్బు పంచే అధికారం లేదు. 12వ ప్రణాళిక 2017 మార్చితో ముగిశాక పంచవర్ష ప్రణాళికలే లేవు. పథకాల గడువును, పన్నుల్లో రాష్ట్రాల వాటాను సూచించే ఆర్థిక సంఘం కాలపరిమితితో ముడిపెట్టారు. బడి చదువుకు కేంద్రం ఇచ్చే ప్రధాన పథకమైన సమగ్ర శిక్షను 2021 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 31 దాకా పొడిగించడానికి కారణం అదే. ఆ అయిదేళ్లకు అంచనా వ్యయం రూ.2,94,283 కోట్లు, అందులో కేంద్రం వాటా రూ.1,85,398 కోట్లు. వినడానికి పెద్ద మొత్తమే. దాన్ని దేశానికి, అయిదేళ్లకు పంచి చూస్తే అసలు పరిమాణం తెలుస్తుంది.

2025-26 కేంద్ర బడ్జెట్‌లో విద్యా మంత్రిత్వ శాఖకు రూ.1,28,650 కోట్లు కేటాయించారు. అందులో పాఠశాల విద్యా విభాగానిది రూ.78,572 కోట్లు. దేశమంతటికీ కలిపి సమగ్ర శిక్షకు రూ.41,250 కోట్లు, మధ్యాహ్న భోజనం నడిపే పీఎం పోషణ్‌కు రూ.12,500 కోట్లు, ఎంపిక చేసిన బడులను మాదిరి బడులుగా తీర్చే పీఎం శ్రీకి రూ.7,500 కోట్లు ఇచ్చారు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ బడ్జెట్‌లో పాఠశాల విద్యకు రూ.31,805 కోట్లు, తెలంగాణ బడ్జెట్‌లో విద్యాశాఖకు రూ.23,108 కోట్లు చూపించారు. ఈ రెండు రాష్ట్రాల కేటాయింపులు కలిపితేనే దేశమంతటి సమగ్ర శిక్షకు కేంద్రం పెట్టిన సొమ్మును దాటిపోతాయి. విద్యపై దేశంలో ప్రభుత్వాలు చేసే ఖర్చులో సుమారు నాలుగింట మూడు వంతులు రాష్ట్రాలే భరిస్తున్నాయి.

అలాంటప్పుడు కేంద్రానికి అంత పట్టు ఎలా వచ్చింది? రాష్ట్రం డబ్బులో సింహభాగం జీతాలకు పోతుంది. దాన్ని ఏ కార్యదర్శీ ఏ మంత్రీ పక్కకు మళ్లించలేరు. శిక్షణ తరగతులు, కస్తూర్బా విద్యాలయాలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఉపకరణాలు, కంప్యూటర్ గదులు, కొన్ని బడులకు కలిపి ఉండే క్లస్టర్ రిసోర్స్ పర్సన్ల (సీఆర్పీల) వేతనాలు, బడి గ్రాంటు లాంటివి ఎక్కువగా కేంద్ర పథకం పద్దుల మీదే నడుస్తాయి. రాష్ట్రం తన సొంత కార్యక్రమాలు చేపట్టదని కాదు. ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు, తెలంగాణలో మన ఊరు-మన బడి చూశాం. కానీ ఏటా క్రమం తప్పకుండా, జీతంతో సంబంధం లేకుండా, ఫలానా పనికే అని వచ్చే డబ్బు కేంద్ర పథకానిదే. మొత్తంలో చిన్నదైనా కదిలే డబ్బు అదొక్కటే. షరతులు కూడా దాని మీదే పెట్టగలరు.

ఇప్పుడు ఆ డబ్బు ఎలా నడుస్తుందో చూద్దాం. సమగ్ర శిక్ష 2018లో మొదలైంది. సర్వశిక్షా అభియాన్‌ను, 2009 నాటి రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్‌ను, ఉపాధ్యాయ విద్య పథకాన్ని కలిపి దాన్ని చేశారు. పద్ధతులు మాత్రం అంతకన్నా పాతవి. జిల్లాను ప్రణాళికకు ప్రాతిపదికగా తీసుకోవడం, శాఖకు వెలుపల ఒక సొసైటీ పెట్టి దాని ద్వారా ఖర్చు చేయడం 1994లో మొదలైన జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం (డీపీఈపీ) రోజుల్లో, విదేశీ సాయంతో వచ్చిన అలవాట్లు. మన దగ్గర అంతకు ముందే 1980లలో బ్రిటన్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు నడిచింది. దాతలు పోయారు, వారు నేర్పిన ఫారాలు మిగిలాయి.

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రణాళిక బడిలో మొదలవ్వాలి. పాఠశాల యాజమాన్య కమిటీ అభివృద్ధి ప్రణాళిక రాస్తుంది, మండలంలో వాటిని కూర్చుతారు, జిల్లా ప్రణాళిక తయారవుతుంది, రాష్ట్ర ప్రాజెక్టు డైరెక్టర్ కార్యాలయం వార్షిక కార్యప్రణాళిక, బడ్జెట్ రూపొందించి ఢిల్లీకి పంపుతుంది. ఇది చట్టం చెప్పే దారి. ఆచరణలో దారి పైనుంచి కిందికి ఉంటుంది. ఏయే పద్దుల కింద అడగవచ్చో, ఒక్కో పద్దుకు యూనిట్ ధర ఎంతో మార్గదర్శకాలే నిర్ణయిస్తాయి. మీ బడికి నిజంగా కావలసినది ఆ పద్దుల్లో లేకపోతే, ఈ ప్రణాళికలు నమోదు చేసే ప్రబంధ్ పోర్టల్‌లో దాన్ని నింపడానికి గడి ఉండదు. గడి లేని అవసరం ప్రణాళికలోకి రాదు. జిల్లాల నుంచి వచ్చే ప్రతిపాదనలు ఏటా ఒకేలా ఉంటాయని పైవాళ్లు విసుక్కుంటారు. ప్రశ్నపత్రం మారనప్పుడు జవాబులు మాత్రం ఎలా మారతాయి?

గడిలోకి వచ్చిన అవసరాన్ని కూడా యూడైస్, అంటే బడుల వివరాలు ఏటా నమోదు చేసే జాతీయ పట్టిక ధ్రువీకరించాలి. ప్రతి బడికీ 11 అంకెల కోడు, దాని వెనుక గదులు, మరుగుదొడ్లు, ఉపాధ్యాయులు, పిల్లల వివరాలు ఉంటాయి. బోర్డు ముందు రాష్ట్రం ఎంత వాదించినా ఆ పట్టికే సాక్ష్యం. మరుగుదొడ్డి 'ఉంది' అని నమోదైతే, తలుపు ఊడి తాళం వేసి ఉన్నా సరే, కొత్తదానికి ఆమోదం సంపాదించడం గగనం. ఇంత బరువైన ఫారాన్ని చాలా బడుల్లో ఎలా నింపుతారో మీకు నాకన్నా బాగా తెలుసు. గడువు ముగిసే రోజున, కంప్యూటర్ తెలిసిన ఒకరి మీద వేసి, నిరుటి వివరాలనే కాస్త సవరించి పంపేస్తారు. 2022-23 నుంచి తలల లెక్క పోయి విద్యార్థివారీ నమోదు వచ్చింది. 2021-22లో 26 కోట్లకు పైగా చూపిన నమోదు 2024-25లో 24.69 కోట్లకు దిగింది. అందులో కొంత జననాలు తగ్గడం వల్ల, కొంత రెండుచోట్ల ఉన్న పేర్లు తీసేయడం వల్ల. పిల్లల సంఖ్య తగ్గితే గ్రాంటూ తగ్గుతుంది.

ఇక రాష్ట్రం పంపిన ప్రణాళికకు ఎంత ఇవ్వాలో తేల్చే ప్రాజెక్ట్ అప్రూవల్ బోర్డు, మా పరిభాషలో పీఏబీ. కేంద్ర పాఠశాల విద్యా కార్యదర్శి దీనికి అధ్యక్షులు. కొత్త ఆర్థిక సంవత్సరానికి కాస్త ముందో వెనకో రాష్ట్రాల వారీగా సమావేశాలు జరుగుతాయి. అంతకు ముందే మదింపు చేసేవారు రాష్ట్రం పంపిన లెక్కల్ని పద్దు పద్దుగా గీసి పెడతారు. సమావేశంలో చర్చ ఎక్కువగా మూడు విషయాల చుట్టూ తిరుగుతుంది. నిరుడు, అంతకు ముందు మంజూరైన పనులు ఎందుకు పూర్తి కాలేదు? ఇచ్చిన డబ్బుకు వినియోగ పత్రాలు, అంటే యూసీలు ఎక్కడ? రాష్ట్రం తన వాటా జమ చేసిందా? పూర్తి కాని పనులను స్పిల్ ఓవర్ అంటారు. అది పెద్దగా ఉన్న రాష్ట్రానికి కొత్త నిర్మాణాలు అడిగే నోరుండదు. పిల్లలు చదవడం నేర్చుకుంటున్నారా అన్న ప్రశ్న కూడా వస్తుంది, కానీ దానికి ఎవరి గ్రాంటూ ఆగిపోగా నేను చూడలేదు. యూసీ రాకపోతే మాత్రం ఖాయంగా ఆగుతుంది. ఏ ప్రశ్నకు డబ్బు ఆగుతుందో యంత్రాంగం దాన్నే పట్టించుకుంటుంది.

బోర్డు ఆమోదించిన మొత్తాన్ని పత్రికలు 'రాష్ట్రానికి ఇన్ని వందల కోట్లు' అని రాస్తాయి. ఆమోదం వేరు, విడుదల వేరు. మీ గ్రాంటు ఆలస్యానికి కారణం ఎక్కువగా ఈ రెండింటి మధ్య దూరంలోనే దొరుకుతుంది.

ఒకప్పుడు కేంద్రం సొమ్ము నేరుగా రాష్ట్ర సొసైటీ బ్యాంకు ఖాతాలో పడేది. 2014-15 నుంచి దాన్ని రాష్ట్ర ఖజానా ద్వారా పంపడం మొదలుపెట్టారు. రాష్ట్ర శాసనసభకు తెలియకుండా వందల కోట్లు ఖర్చు కావడం సరికాదన్న వాదన న్యాయమైనదే. కానీ ఖజానా ఖాళీగా ఉన్న నెలలో అందులో పడిన కేంద్ర వాటా జీతాలకో పాత బిల్లులకో సర్దుబాటై, సొసైటీకి చేరడానికి నెలలు పట్టేది. దీనికి విరుగుడుగా 2021 జూలై నుంచి ఒక్కో పథకానికి ఒకే నోడల్ ఖాతా, అంటే ఎస్ఎన్ఏ పద్ధతి తెచ్చారు. కేంద్రం ఒకసారికి తన వార్షిక వాటాలో 25 శాతానికి మించి ఇవ్వదు. ఆ సొమ్మును రాష్ట్రం గడువులోగా తన వాటాతో కలిపి నోడల్ ఖాతాలో వేయాలి. ఇచ్చినదాంట్లో 75 శాతం ఖర్చయితేనే తరువాతి విడత వస్తుంది. కేంద్ర వాటాను ఖజానాలో ఆపితే వడ్డీ కూడా కట్టాలి.

ఎస్ఎన్ఏ వచ్చాక డబ్బు ఎక్కడుందో ఢిల్లీకి ప్రతి పూటా తెలుస్తోంది. బ్యాంకుల్లో ఊరికే పడి ఉండే సొమ్ము తగ్గింది. ఆ మేరకు ఇది మంచి సంస్కరణే. నష్టం బడికి జరిగింది. ముందు గ్రాంటు బడి ఖాతాలో పడితే అది బడిదే, అవసరాన్ని బట్టి హెడ్‌మాస్టర్, కమిటీ ఖర్చు పెట్టుకునేవారు. ఇప్పుడు బడికి వచ్చేది డబ్బు కాదు, ఖర్చు పరిమితి. మార్చి 31 దాటితే ఆ పరిమితి వెనక్కి పోతుంది. ఫిబ్రవరిలో పరిమితి ఇచ్చి మార్చిలో వెనక్కి తీసుకుంటే, సుద్దముక్కలు, చీపుళ్లు కొనడం తప్ప బడి ఏం ప్రణాళిక వేసుకోగలదు?

వాటాల కథ కూడా ఇక్కడే చెప్పాలి. సర్వశిక్షా అభియాన్ మొదట్లో కేంద్రం 85, రాష్ట్రం 15 శాతం. పదో ప్రణాళికలో 75:25 అయింది. తరువాత ఏడాదికి కొంత తగ్గిస్తూ సగం సగానికి తేవాలనుకున్నారు. విద్యాహక్కు చట్టం భారం పడటంతో 65:35 దగ్గర ఆగారు. 14వ ఆర్థిక సంఘం పన్నుల్లో రాష్ట్రాల వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచాక, ముఖ్యమంత్రుల ఉపసంఘం సిఫారసు మీద 60:40 చేశారు. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు 90:10. వాటా పెరిగిన ప్రతిసారీ రాష్ట్రానికి చిక్కు ఒక్కటే, తన 40 వేయకపోతే కేంద్రం 60 రాదు. అప్పుల్లో ఉన్న రాష్ట్రం, పేద రాష్ట్రం ఈ షరతు దగ్గరే వెనకబడతాయి. అవసరం ఎక్కువున్న చోటికి డబ్బు తక్కువగా చేరడానికి ఇది ముఖ్య కారణమని నా అభిప్రాయం.

దీనికి తోడు సెస్సు. 2004లో పన్నుల మీద 2 శాతం విద్యా సెస్సు వేశారు, 2007లో ఇంకో శాతం కలిపారు, 2018లో ఆరోగ్యంతో కలిపి 4 శాతం చేశారు. పన్నులను రాష్ట్రాలతో పంచుకోవాలి, సెస్సును పంచుకోనక్కరలేదు. ప్రజలు చదువు కోసం కట్టే ఆ సొమ్ము రాష్ట్రాలకు కేంద్రం పథకాల ద్వారానే, కేంద్రం షరతుల మీదే తిరిగి వస్తుంది.

రాష్ట్రం వినకపోతే ఏమవుతుందన్నారు. తమిళనాడును చూడండి. 2022 సెప్టెంబర్‌లో పీఎం శ్రీ పథకం వచ్చింది. 14,500 బడులు, రూ.27,360 కోట్ల అంచనా. అందులో చేరే రాష్ట్రం 2020 విధానాన్ని అమలు చేస్తానని ఒప్పందం మీద సంతకం చేయాలి. మూడు భాషల సూత్రం తమకు అంగీకారం కాదని తమిళనాడు సంతకం పెట్టలేదు. 2024-25లో దానికి సమగ్ర శిక్ష నిధులు ఆగిపోయాయి. పీఎం శ్రీ వేరు, సమగ్ర శిక్ష వేరు. ఒకదానిలో చేరనందుకు రెండోది ఆపారు. 2025 మేలో తమిళనాడు రూ.2,291 కోట్లు వడ్డీతో ఇప్పించమని సుప్రీంకోర్టులో దావా వేసింది. కేరళ 2025 అక్టోబర్‌లో సంతకం చేసి, సొంత కూటమిలోనే గొడవ రావడంతో అదే నెలలో వెనక్కి తగ్గింది. మూడు భాషల మీద ఎవరి అభిప్రాయం వారిది, నాకూ ఒకటుంది, దాన్ని ఇక్కడికి తేను. ఆగిన డబ్బులో ప్రత్యేక అవసరాలున్న పిల్లల శిక్షకుల వేతనం ఉంటుంది, విద్యాహక్కు సీట్ల చెల్లింపు ఉంటుంది. అవి చట్టం ఇచ్చిన హక్కులు. విధానం మీద తగాదాకు వాటిని తాకట్టు పెట్టడం తప్పు. ఉమ్మడి జాబితాలోని అంశంపై పార్లమెంటు చట్టం చేయవచ్చు. చట్టం చేయకుండా అదే ఫలితాన్ని విడత ఆపి సాధించడం నా దృష్టిలో పక్కదారి.

ఉన్నత విద్య గురించి మీరు అడగలేదు కాబట్టి ఒక్క మాటతో వదిలేస్తాను. అక్కడ ప్రమాణాలు నిర్ణయించే అధికారం రాజ్యాంగమే కేంద్రానికి ఇచ్చింది, యూజీసీ దానికి సాధనం. ప్రవాహం ఎప్పుడూ పైనుంచే రాలేదని చెప్పడానికి మాత్రం ఒక ఉదాహరణ ఉంది. దేశంలో మొదటి రాష్ట్ర ఉన్నత విద్యామండలిని 1988లో ఆంధ్రప్రదేశ్ పెట్టుకుంది. 2013లో వచ్చిన రూసా పథకం నిధులు కావాలంటే అలాంటి మండలి ఉండి తీరాలని ప్రతి రాష్ట్రానికీ షరతు పెట్టింది.

ఆరు శాతం మాట కూడా ఎవరో ఒకరు ఎత్తుతారు. జాతీయాదాయంలో ఆరు శాతం విద్యకు ఖర్చు పెట్టాలని 1964-66 నాటి కొఠారీ కమిషన్ చెప్పింది, 2020 విధానం మళ్లీ చెప్పింది. విద్యా మంత్రిత్వ శాఖ లెక్కలో ఇప్పుడు అది నాలుగు శాతం చుట్టూ ఉంది, ఆర్థిక సర్వే పట్టికల్లో మూడు లోపే కనిపించిన ఏళ్లున్నాయి. ఇతర శాఖలు శిక్షణకు పెట్టే ఖర్చును ఒకరు కలుపుతారు, ఒకరు కలపరు. ఆరు ఎవరు పూరించాలి, కేంద్రం ఎంత, రాష్ట్రం ఎంత అని మాత్రం ఏ పత్రమూ రాయలేదు. ఎవరి పేరా రాయని బాకీని ఎవరూ తీర్చరు.

ఇక మీ బడి సంగతి. కాంపోజిట్ గ్రాంటు, అంటే మీరు చెప్పిన బడి గ్రాంటు, పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 మంది లోపు అయితే రూ.10,000, 100 దాకా రూ.25,000, 250 దాకా రూ.50,000, 1,000 దాకా రూ.75,000, ఆపైన లక్ష. అందులో కనీసం 10 శాతం పారిశుధ్యానికి వాడాలి. ఇవి పథకం నిర్ణయించిన కొలతలు. మీ రాష్ట్రానికి ఆ ఏడాది ఎంత ఆమోదం వచ్చిందో పీఏబీ మినిట్స్‌లో ఉంటుంది, వాటిని విద్యా మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో రాష్ట్రాల వారీగా పెడతారు. చివర ఉండే పెద్ద పట్టికలు చూసి భయపడవద్దు. ముందు స్పిల్ ఓవర్ వరుస చూడండి, తరువాత 'స్కూల్ గ్రాంట్' వరుస, ఆ తరువాత నిరుటి ఆమోదానికీ ఖర్చుకూ ఉన్న తేడా. ఆ తేడా పెద్దదైతే ఈ ఏడాది రెండో విడత ఆలస్యమవుతుందని ముందే అనుకోవచ్చు.

యాజమాన్య కమిటీ తీర్మానం, కొటేషన్లు డిసెంబర్‌కే సిద్ధం చేసి పెట్టుకోండి. పరిమితి ఎప్పుడు వచ్చినా వారంలో బిల్లు పెట్టగలగాలి. యూడైస్ ఫారాన్ని మాత్రం ఎవరో నింపేస్తారులే అని వదలకండి. వాడకానికి పనికిరాని గదిని, మరుగుదొడ్డిని పనికిరానిదిగానే నమోదు చేయించి, ఆ ప్రతి ఒకటి కమిటీ రిజిస్టర్‌లో అతికించి పెట్టండి. ఎంఈవో కార్యాలయంలో అడిగితే చూపించడానికి మీ చేతిలో ఉండే కాగితం అదొక్కటే.